భయం ఒక్కటే అయితే జర్మనీ అలా మారేది కాదు

1932 నవంబర్‌లో, జర్మనీలో స్వేచ్ఛగా జరిగిన చివరి ఎన్నికల్లో హిట్లర్ నాజీ పార్టీకి పడినవి 33 శాతం ఓట్లు. అంటే ముగ్గురిలో ఇద్దరు వద్దన్నారు. 1934 ఆగస్టులో ప్రెసిడెంట్ హిండెన్‌బర్గ్ చనిపోయాక, ప్రెసిడెంట్ పదవి, ఛాన్సలర్ పదవి రెండూ హిట్లర్‌కే ఇవ్వడం మీకు సమ్మతమేనా అని జనాన్ని అడిగితే దాదాపు 90 శాతం సమ్మతమే అన్నారు. మధ్యలో గడిచింది రెండేళ్లు కూడా కాదు. అవే ఊళ్లు, అవే మనుషులు. ఆ 33కీ ఈ 90కీ మధ్య ఏం జరిగింది?

మన దగ్గర ఈ ప్రశ్నకి మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. తుపాకీ చూపించి ఒప్పించారు అనేది ఒకటి. హిట్లర్ మాటల మాంత్రికుడు, జనం ఆ మైకంలో పడిపోయారు అనేది రెండోది. రెండిట్లోనూ నిజం ఉంది, కానీ రెండూ జనాన్ని తేలిగ్గా వదిలేసే జవాబులే, ఎందుకంటే మొదటిదాంట్లో వాళ్లు బాధితులు, రెండోదాంట్లో అమాయకులు. నాకు అర్థమైనంతవరకు ఆ ప్రభుత్వం జనాన్ని ముందుగా నమ్మమని అడగలేదు. చిన్న చిన్న పనులు చేయమని అడిగింది. చేస్తూ పోయారు, చేసినదాన్ని సమర్థించుకోవాల్సి వచ్చింది, నమ్మకం ఆ తర్వాత వచ్చి కూర్చుంది.

భయం లేదని కాదు, ముందు దాని సంగతే చెప్పాలి. 1933 ఫిబ్రవరి 27 రాత్రి బెర్లిన్‌లో రైక్‌స్టాగ్, అంటే పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే అత్యవసర ఉత్తర్వు వచ్చింది. మాట్లాడే హక్కు, పత్రికా స్వేచ్ఛ, సభలు పెట్టుకునే హక్కు అన్నీ పోయాయి, ఎవరినైనా కోర్టు మొహం చూపించకుండా లోపల వేసుకోవచ్చు. ఆ ఉత్తర్వు 1945లో ఆ ప్రభుత్వం కూలేదాకా అమల్లోనే ఉంది. వేలాది కమ్యూనిస్టులను ఎత్తుకెళ్లారు. మార్చి 22న మ్యూనిక్ పక్కన డాకౌ క్యాంపు తెరిచారు. మర్నాడే పార్లమెంటు తన అధికారాలన్నీ తనే హిట్లర్ చేతిలో పెట్టింది, 444 ఓట్లు అనుకూలం, 94 వ్యతిరేకం. ఆ 94 మందీ ప్రతిపక్షమైన సోషల్ డెమొక్రాట్ పార్టీవాళ్లే. కమ్యూనిస్టు సభ్యులను అసలు సభలోకే రానివ్వలేదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఏంటంటే డాకౌ రహస్యం కాదు. మ్యూనిక్ పోలీసు అధిపతిగా ఉన్న నాజీ నాయకుడు హిమ్లర్ ప్రెస్‌మీట్ పెట్టి మరీ ప్రకటించాడు, పేపర్లలో వచ్చింది. దాచాల్సింది దాచకుండా ఎందుకు చెప్పాడు? ఆ వార్తలో ఇద్దరికి రెండు కబుర్లు ఉన్నాయి. ఎదిరించేవాడికి: నీ గతి ఇదే. మిగతా జనానికి: ఇది మీకోసం కాదు, దేశద్రోహుల కోసం, మీ పని మీరు చూసుకుంటే మీ జోలికి ఎవరూ రారు. భయాన్ని ఇలా పంచి పెట్టడం వల్ల యూదులు, కమ్యూనిస్టులు, జిప్సీలు, యెహోవా సాక్షులు నిజంగానే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతుంటే, పక్క వాటాలో ఉన్న గుమాస్తా కుటుంబం 'ఈ మధ్య వీధులు ప్రశాంతంగా ఉన్నాయి' అనుకుంటూ నిద్రపోగలిగింది.

ఆ తొలి నెలల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ప్రభుత్వం చేసింది కాదు, ఎవరూ అడగకుండా జనం చేసింది. 1933 ఏప్రిల్‌లో దక్షిణ జర్మనీలోని పేరున్న ఫుట్‌బాల్ క్లబ్బులు కొన్ని కలిసి, క్రీడా సంఘాల్లోంచి యూదులను తొలగించే విషయంలో కొత్త ప్రభుత్వానికి సహకరిస్తామని ప్రకటన ఇచ్చాయి. క్లబ్బులు అలా చేయాలని అప్పటికి చట్టమేమీ లేదు. పాటల బృందాలు, వ్యాయామ సంఘాలు, డాక్టర్ల సంఘాలు అన్నీ అదే దారి పట్టాయి. నిన్నటిదాకా పక్కన కూర్చున్న మనిషిని లేచి వెళ్లమన్నారు, కొన్నిచోట్ల మర్యాదగా ఉత్తరం రాసి మరీ. నాజీ పార్టీలో జనవరి నాటికి సుమారు 8.5 లక్షల సభ్యులుంటే మే 1 నాటికి దాదాపు 25 లక్షలయ్యారు. తాకిడి తట్టుకోలేక పార్టీయే కొత్త సభ్యత్వాలు ఆపేసింది. వీళ్లంతా రాత్రికి రాత్రే సిద్ధాంతం చదివి మారినవాళ్లు కాదు. టీచర్లు, ప్రభుత్వ ఉద్యోగులు, ప్రమోషన్ కోసం చూస్తున్నవాళ్లు, గాలి ఎటు వీస్తే అటు తిరిగేవాళ్లు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే చోటికి వస్తాను. అది పార్లమెంటు కాదు, వంటిల్లు.

1933 అక్టోబర్ నుంచి చలికాలంలో నెలకో ఆదివారం జర్మన్ ఇళ్లలో ఒకే గిన్నెలో వండిన వంటే తినాలని పెట్టారు. మామూలుగా ఆదివారం అంటే మాంసం కూర, దాని పక్కన రెండు మూడు రకాలు. ఆ రోజు మాత్రం బంగాళాదుంపలు, బఠానీలు, కూరముక్కలు అన్నీ కలిపి ఉడికించిన పులుసు లాంటిదే. హోటళ్లలోనూ అదే. మనిషికి 50 ఫెనిగ్‌ల (అర మార్కు) లోపు ఖర్చుతో వంట ముగించి, మిగిలిన డబ్బు పేదల 'చలికాలపు సాయం' నిధికి ఇవ్వాలి. వసూలు చేసేవాళ్లు ఇంటింటికీ వస్తారు. హిట్లరూ, అతని ప్రచార మంత్రి గోబెల్సూ కూడా అదే తింటున్న ఫొటోలు పేపర్లలో వేసేవాళ్లు.

మీరు ఆ ఇంట్లో ఉన్నారనుకోండి. మీకు నాజీలంటే గిట్టదు, కిందటిసారి సోషల్ డెమొక్రాట్లకే ఓటేశారు. తలుపు కొట్టింది ఎవరో యూనిఫాం వేసుకున్న రాక్షసుడు కాదు, రెండిళ్ల అవతల ఉండే ఆయనే, చేతిలో డబ్బా, చందా లిస్టు. ఏమని కాదంటారు? చలికి వణికే పేదవాడికి సాయం వద్దంటారా? చిల్లరే కదా అని ఇచ్చేస్తారు. ఇచ్చిన ఇంటికి తలుపు మీద అంటించుకోవడానికి ఆ నెల బిళ్ల ఒకటి ఇస్తారు. వచ్చే నెల రంగు మారుతుంది, కొత్తది కావాలి. మెట్లు ఎక్కుతూ దిగుతూ అందరూ అందరి తలుపులూ చూస్తారు. బిళ్ల లేని తలుపు ఒక్కటే ఉంటే దాని గురించి ఎవరూ ఏమీ అనక్కర్లేదు, అదే మాట్లాడుతుంది. వీధుల్లో అయితే హిట్లర్ యూత్ పిల్లలు ఎర్ర డబ్బాలు ఆడిస్తూ వస్తారు, కొన్నవాళ్ల కోటుకి చిన్న బొమ్మ గుచ్చుతారు. అది ఉంటే ఆ రోజుకి ఇంకొకరు అడగరు, అందుకని ఎవరైనా కొనేసి గుచ్చుకుంటారు, ఇక దూరం నుంచి చూసేవాళ్లకి ఊరంతా బొమ్మ గుచ్చుకున్న మద్దతుదారులే.

ఇందులో సిద్ధాంతం ఎక్కడా లేదు, జాతి గురించి ఒక్క ముక్క లేదు. అయినా ప్రతి నెలా మీరు ఒక మెట్టు దిగారు. కాదనడానికి వీల్లేని మంచి పని ఒకటి చూసి దానికి తమ పార్టీ బొమ్మ తగిలించడం వాళ్లకి బాగా తెలుసు. మే 1 కథా అంతే. కార్మిక సంఘాలు దశాబ్దాలుగా అడుగుతున్న మే డే సెలవు హిట్లర్ 1933లో జీతంతో సహా ఇచ్చాడు, సంఘాలు కూడా సంతోషంగా ఊరేగింపులో నడిచాయి. మే 2 ఉదయం సంఘాల ఆఫీసులన్నీ స్వాధీనం చేసుకుని నాయకులను జైల్లో వేశారు.

ఇలా అందరూ పైకి ఒకేలా కనిపించడం మొదలయ్యాక, ఎవడికి వాడు 'నేనొక్కణ్నే తేడాగా ఉన్నానేమో, మిగతావాళ్లంతా నిజంగానే నమ్మారేమో' అనుకుంటాడు. చేయి పైకెత్తి 'హైల్ హిట్లర్' అన్న పదిమందిలో మనసారా అన్నది ఎందరో ఎవరికీ తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు, ఎందుకంటే పేపర్లు వాళ్లవే, సంఘాలు వాళ్లవే, క్లబ్బులో కూడా వాళ్ల మనిషే. 1933 నవంబర్‌లో జరిపిన ఓటింగ్‌లో డాకౌ క్యాంపులో ఉన్న ఖైదీలు కూడా దాదాపు అందరూ ప్రభుత్వానికి అనుకూలంగా వేసినట్టు లెక్క వచ్చింది. ఆ ఓట్లకి విలువ లేదని మనకి తెలుసు, కానీ బయట చదివినవాడికి ఆ అంకె 'దేశమంతా ఒకటైంది' అనే చెబుతుంది. నిరంకుశ ప్రభుత్వాలు గెలుపు ఖాయమని తెలిసి కూడా ఎన్నికలు ఎందుకు పెడతాయని చాలామంది అడుగుతుంటారు. కాదనేవాడికి తను ఒంటరినని గుర్తు చేయడానికి. అయినా 1934 ఆగస్టులో 40 లక్షల మందికి పైగా 'కాదు' అని వేశారు. వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి, కానీ అంత పెద్ద సంఖ్యలో ఉన్నా వాళ్లు ఒకరికొకరు కనపడలేదు.

మరి నాజీల రహస్య పోలీసులు, గెస్టపో, వాళ్ల కళ్లు ప్రతి గోడ మీదా ఉన్నాయి కదా అంటారా? 1937లో సుమారు 40 లక్షల జనాభా ఉన్న డ్యూసెల్‌డార్ఫ్ ప్రాంతం మొత్తానికి గెస్టపో సిబ్బంది 300 మంది లోపే. అంతమందితో ఎవరి ఇంట్లో ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో కనిపెట్టడం కుదిరే పని కాదు. కమ్యూనిస్టుల మీదా యూదుల మీదా వాళ్లు కసిగా పనిచేశారు, అందులో అనుమానం లేదు, మిగతా సమాచారం చాలావరకు జనమే మోసుకొచ్చి ఇచ్చారు. వుర్జ్‌బర్గ్‌లో నాశనం కాకుండా మిగిలిన గెస్టపో ఫైళ్లు తిరగేసిన చరిత్రకారులు చెప్పేదాన్ని బట్టి, యూదులతో స్నేహం చేశారనో సంబంధం పెట్టుకున్నారనో పెట్టిన కేసుల్లో సగానికి పైగా మామూలు జనం ఇచ్చిన కబుర్లతోనే మొదలయ్యాయి. కారణాలు చూస్తే మనసు కలుక్కుమంటుంది: వాటాదారుల తగాదా, వ్యాపారంలో పోటీ, విడిపోవాలనుకున్న భార్యాభర్తల గొడవ. చివరికి దొంగ ఫిర్యాదులు ఎక్కువైపోయాయని అధికారులే విసుక్కున్నారు. 1934 డిసెంబర్ నుంచి పార్టీని, ప్రభుత్వాన్ని కించపరుస్తూ మాట్లాడటమే నేరం. అంటే ఎవరి మీద పగ ఉన్నా తీర్చుకోవడానికి ప్రభుత్వం ఒక ఆయుధం ఉచితంగా ఇచ్చినట్టే. దాన్ని వాడుకున్నవాడు సిద్ధాంతం నమ్మకపోయినా, ఆ రోజు నుంచి ఆ ప్రభుత్వం నిలబడటంలోనే అతని క్షేమం ఉంది.

తిండి, పని సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇది అందరికీ కొంత తెలిసిందే. 1933 మొదట్లో 60 లక్షల మంది నిరుద్యోగులు, 1938 నాటికి దాదాపు ఎవరూ లేరు. లెక్కల్లో కొంత మాయ ఉంది, చాలా ఉద్యోగాలు ఆయుధాల ఫ్యాక్టరీల్లోవి, పని గంటలు పెరిగాయి, సంఘం పెట్టుకుని జీతం అడిగే హక్కు లేదు. కానీ మూడేళ్లు పని లేకుండా తిరిగినవాడికి ఇవేవీ పట్టవు, పట్టకపోవడం తప్పని అనడానికి నాకు నోరు రాదు. పెళ్లి చేసుకునే జంటకి 1000 మార్కుల వరకు అప్పు ఇచ్చారు, చేతికి డబ్బుగా కాదు, ఫర్నిచర్, వంట సామాను కొనుక్కునే కూపన్లుగా. ఆడమనిషి ఉద్యోగం మానేయాలి, ఇద్దరూ 'ఆరోగ్యకరమైన జాతి' అని డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఒక్కో బిడ్డ పుట్టినప్పుడల్లా పావు వంతు అప్పు మాఫీ. మంచం కావాలంటే ముందు జాతి పరీక్షకి నిలబడాలన్నమాట. వారానికి 5 మార్కులు కడితే సొంత కారు వస్తుందని చెప్పి 3 లక్షల మందికి పైగా జనంతో డబ్బు కట్టించుకున్నారు. యుద్ధం వచ్చింది, ఒక్కరికీ కారు రాలేదు. కానీ అన్నేళ్లూ వాళ్లు ఆ కారు కోసం ఎదురుచూశారు, ఎదురుచూసేవాడు ఎదురు తిరగడు.

గోబెల్స్ పేరు మన రాజకీయ నాయకులు ప్రతి ప్రెస్‌మీట్‌లోనూ వాడతారు, అబద్ధాన్ని వందసార్లు చెప్పడమే గోబెల్స్ ప్రచారం అన్నట్టు. నిజానికి 1933 మార్చిలో అతను రేడియో అధికారులను పిలిచి చెప్పినదాంట్లో గట్టిగా నొక్కిన మాట, ఏం చేసినా బోర్ కొట్టించొద్దని. ఆ ఏడాదే 76 మార్కులకి చవక రేడియో తెచ్చారు, హిట్లర్ గద్దెనెక్కిన జనవరి 30కి గుర్తుగా దాని మోడల్ నంబర్ 301. 1939 నాటికి పది ఇళ్లలో ఏడింట రేడియో ఉంది. అందులో రోజంతా ఉపన్యాసాలు రాలేదు. పాటలు, నాటికలు, హాస్యం, మధ్యలో వార్తలు. సినిమాలు కూడా అంతే, ఆ పన్నెండేళ్లలో తీసిన వెయ్యికి పైగా చిత్రాల్లో నేరుగా ప్రచారం చేసేవి సుమారు ఆరింట ఒక వంతు, మిగతావి ప్రేమ కథలు, కామెడీలు. దేశంలో ఇంత ఘోరం జరుగుతుంటే హాలు నిండా జనం నవ్వుకుంటున్నారు. 'అంతా మామూలుగానే ఉంది' అనే భావన కలిగించడం కంటే పెద్ద ప్రచారం ఏముంటుంది?

ఇంకో సంగతి. జనం సణుగుడు ఆగలేదు. వెన్న దొరకట్లేదని, ధరలు పెరిగాయని, లోకల్ పార్టీ పెద్ద బాగా మేస్తున్నాడని తిట్టుకున్నారు. కానీ ఆ తిట్లు పైదాకా పోలేదు. 'ఇదంతా ఫ్యూరర్‌కి (నాయకుడికి, అంటే హిట్లర్‌కి) తెలిస్తే ఊరుకోడు' అనేది ఆ రోజుల్లో జనం నోట్లో నానిన మాట. కింద ఉన్నవాళ్లు దొంగలు, పైన ఉన్నాయన దేవుడు. 1934 జూన్ 30న హిట్లర్ తన సొంత పార్టీ యూనిఫాం దళమైన ఎస్‌ఏ నాయకులను, ఇంకొందరు పాత శత్రువులను విచారణ లేకుండా చంపించాడు. జనానికి ఒళ్లు గగుర్పొడవాలి. కానీ వీధుల్లో ఆ ఎస్‌ఏ వాళ్ల దౌర్జన్యం భరించలేకపోయిన చాలామంది, ఆయన తనవాళ్లని కూడా వదల్లేదు అని మెచ్చుకున్నారు. హత్య చేసిన మనిషికి పేరు పెరిగింది. కోపానికి ఒక చిన్న దారి వదిలి, ఆ దారి చివర నాయకుడు లేకుండా చూసుకోవడం నియంతలు అందరూ నేర్చుకున్న పాఠమే.

పిల్లల విషయం నాకు రాయడానికే కష్టంగా ఉంది. అప్పటి లెక్కల పుస్తకంలో ఒక లెక్క ఉంది: పిచ్చాసుపత్రి ఒకటి కట్టడానికి 60 లక్షల మార్కులు ఖర్చయింది. ఒక్కో ఇల్లు 15,000 మార్కులు చొప్పున, ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లు కట్టొచ్చు? జవాబు 400. ఆ లెక్కలో ఎవరినీ చంపమని లేదు, తిట్టలేదు. భాగహారం, అంతే. పిల్లాడు తనంతట తనే చేసి, సరైన జవాబు వచ్చినందుకు సంతోషపడతాడు, ఆ 400 ఇళ్లు ఎవరి వల్ల పోయాయో కూడా వాడే తేల్చుకుంటాడు. ఎవరో చెబితే విన్నది మర్చిపోవచ్చు, తను లెక్కకట్టి తెలుసుకున్నది మనిషి వదులుకోడు. ఇలాంటి లెక్కలు పుస్తకాల్లోకి వచ్చిన ఐదారేళ్లలోపే, 1940, 41ల్లో, ఆ ఆసుపత్రుల్లో ఉన్న 70,000 మందికి పైగా రోగులను గ్యాస్‌తో చంపేశారు.

యూదుల మీద ద్వేషం కూడా ఒక్క దెబ్బలో ఎక్కించింది కాదు. 1933 ఏప్రిల్ 7 చట్టంతో ప్రభుత్వ ఉద్యోగులు తమ తాత అమ్మమ్మలు యూదులు కాదని కాగితాలు చూపించాలి. తర్వాత తర్వాత డాక్టర్లు, లాయర్లు, పెళ్లి చేసుకునేవాళ్లు, అందరూ చర్చిల చుట్టూ తిరిగి పాత బాప్టిజం రిజిస్టర్ల నకళ్లు తెచ్చుకున్నారు. యూదులంటే ఏ కోపమూ లేనివాడు కూడా క్యూలో నిలబడి, కాగితం దొరకగానే హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్యతోనే గీతకి ఇటువైపు తనూ అటువైపు వాళ్లూ అయ్యారు. ఒక యూదు డాక్టర్ని తీసేస్తే ఆ ఖాళీలో ఇంకో డాక్టర్ చేరాడు. యూదుల షాపులు చవకగా చేతులు మారాయి. 1941 చివరి నుంచి వాళ్లని రైళ్లెక్కించి తూర్పుకి పంపేశాక వాళ్ల మంచాలు, పరుపులు, వంట గిన్నెలు హాంబర్గ్ లాంటి ఊళ్లలో బహిరంగంగా వేలం వేస్తే వేలాదిమంది సామాన్యులు వచ్చి పాడుకున్నారు. ఆ పరుపు మీద పడుకునే మనిషికి ఇక సిద్ధాంతం అవసరం. వాళ్లు నిజంగా చెడ్డవాళ్లు కాకపోతే, నేను ఏం చేసినట్టు? ఈ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి ఎవరి ఉపన్యాసమూ అక్కర్లేదు, మనిషి తనకి తనే బోధించుకుంటాడు.

ఇదంతా చదివితే ఎదిరించడం అసాధ్యమేమో అనిపిస్తుంది. కాదు, అక్కడే కథ ఇంకా కష్టంగా మారుతుంది. 1936 నవంబర్‌లో ఓల్డెన్‌బర్గ్ ప్రాంతంలో స్కూళ్ల గోడల మీద శిలువలు తీసేయమని ఉత్తర్వు వచ్చింది. కాథలిక్ రైతులు తిరగబడ్డారు, చర్చి గంటలు మోగించారు, బృందాలుగా ఆఫీసులకి వెళ్లారు, చివరికి క్లోపెన్‌బర్గ్‌లో వేలమంది ముందు నాజీ గవర్నర్ రోవర్ నిలబడి ఉత్తర్వు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాల్సి వచ్చింది. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్ గాలెన్ రోగులను చంపుతున్నారని చర్చిలో నిలబడి బాహాటంగా చెప్పాడు. ఆ ప్రసంగం చేతిరాతల్లో దేశమంతా పాకింది. మూడు వారాలకి హిట్లర్ ఆ గ్యాస్ కేంద్రాల పని ఆపమన్నాడు. చంపడం ఆ తర్వాత కూడా ఇంజెక్షన్లతో, ఆకలితో గుట్టుగా సాగింది, బిషప్ ప్రసంగం పంచినవాళ్లలో కొందరికి శిక్షలు పడ్డాయి, కానీ బిషప్ జోలికి వెళ్లడానికి మాత్రం జంకారు. 1943 ఫిబ్రవరి ఆఖర్న బెర్లిన్ రోజెన్‌స్ట్రాస్‌లో, పట్టుకెళ్లిన యూదు భర్తల కోసం భార్యలు రోజుల తరబడి వీధిలో నిలబడ్డారు. ఆ మగవాళ్లు విడుదలయ్యారు. ఆ స్త్రీల వల్లే వదిలారా, అప్పటికి వాళ్లని పంపే ఉద్దేశమే లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, కానీ ఆ ఆడవాళ్ల మీద తుపాకీ పేల్చలేదన్నది నిజం.

అసలు ఆ ప్రభుత్వం జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి రహస్య నివేదికలు క్రమం తప్పకుండా రాయించుకునేది. జనాన్ని లెక్కచేయనివాడికి ఆ నివేదికలెందుకు? శిలువ తీస్తే కదిలిన ఊరు, ఇంట్లో రోగి చనిపోతే కదిలిన బంధువులు, పక్కింటి యూదు కుటుంబాన్ని తెల్లవారుజామున తీసుకెళ్తుంటే కర్టెన్ వెనక నుంచి చూసి ఊరుకున్నారు. అప్పటికి వాళ్లు 'మనవాళ్లు' కారు. ఎనిమిదేళ్ల కాగితాలు, బిళ్లలు, లెక్కలు, సర్టిఫికెట్లు చేసిన పని అది.

భయమే కారణం అనేవాళ్లకి ఒక్క విషయం గుర్తు చేస్తాను. యుద్ధం అయిపోయింది, హిట్లర్ చచ్చిపోయాడు, గెస్టపో లేదు, క్యాంపుల శవాల గుట్టలు అందరూ ఫొటోల్లో చూశారు. అమెరికా సైన్యం తన ఆధీనంలో ఉన్న జర్మన్ ప్రాంతంలో సర్వేలు చేసింది. నాజీయిజం చెడ్డ ఆలోచనా, లేక అమలు సరిగ్గా జరగని మంచి ఆలోచనా అని అడిగితే, 1945 నవంబర్ నుంచి 1946 ఆఖరు దాకా సగటున 47 శాతం 'మంచి ఆలోచనే' అన్నారు. 1947 ఆగస్టులో అడిగితే 55 శాతం అన్నారు. ఆ ఏడాది వాళ్లకి అలా చెప్పకపోతే వచ్చే ప్రమాదం ఏమీ లేదు, చెప్తే వచ్చే లాభమూ లేదు. ఆ నమ్మకం అంత తేలిగ్గా పోలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టులో ఆష్విట్జ్ మరణ శిబిరం సిబ్బంది మీద విచారణ మొదలైంది 1963 డిసెంబర్‌లో, అదీ ఫ్రిట్జ్ బావర్ అనే యూదు ప్రాసిక్యూటర్ పట్టుబట్టి ఏళ్ల తరబడి పోరాడితే. బెదిరింపులు వస్తున్నా ఆయన ఆగలేదు, అప్పటికి యుద్ధం ముగిసి పద్దెనిమిదేళ్లు దాటింది.